ఎక్కినవాళ్ళు దిగాలి కదా!

మొన్న ఎండాకాలం వడియాల పని పెట్టుకుని దేవరుప్పులలో మా పుట్టింటికి వెళ్ళాను. మా వాళ్ళు డాబా మీదికి ఇంకా మెట్లు కట్టించలేదు. వెదురు నిచ్చెనే దిక్కు. పొద్దున్నే సగ్గుబియ్యం వడియాలు పెట్టి, కిందికి దిగి, అమ్మయ్య అనుకుంటూ చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, పైనుంచి ఒకటే ఏడుపు. చూద్దును కదా, మా తమ్ముడి మనవడు! ఆరేళ్ళ వాడు, ఎప్పుడు ఎక్కాడో ఎక్కేశాడు. పిట్టగోడ పట్టుకుని కిందికి చూస్తూ "నాకు దిగరాదూ!" అని గోల.

పక్కింటి పెద్దాయన పరుగున వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. "భయపడకు బిడ్డా. ఎక్కుడు ఎవనికైనా వస్తది. దిగుడే ఎరుకుండాలె. మొఖం గోడ దిక్కు పెట్టి ఒక్కొక్క కాలు తియ్యి" అని మెల్లగా దింపాడు.

అందరం నవ్వుకున్నాం. కానీ ఆ మాట మాత్రం నన్ను పట్టుకు వదల్లేదు. మా ఇంట్లో బీరువా అడుగున దాచుకున్న రెండు పేపరు ముక్కలు గుర్తొచ్చాయి. రెండూ 2018వే. ఒకటి జనవరి 5న పాకిస్తాన్‌లో చనిపోయిన అస్గర్ ఖాన్ గురించి. రెండోది ఏప్రిల్ 30న మన హైదరాబాద్‌లో చనిపోయిన ఇద్రీస్ హసన్ లతీఫ్ గురించి. ఒకాయన పాకిస్తాన్ వైమానిక దళాధిపతిగా చేసినవాడు, ఇంకొకాయన మన వైమానిక దళాధిపతిగా చేసినవాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్క్వాడ్రన్‌లో, ఒకే జెండా కింద విమానాలు నడిపినవాళ్ళు! నాలుగు నెలల తేడాతో ఇద్దరూ వెళ్ళిపోయారు.

"వడియాలు పెట్టుకునే దానికి వైమానిక దళాల గొడవెందుకమ్మా?" అంటారేమో. ఎందుకో చెప్పాలంటే ముందు మా నాయనమ్మ సంగతి చెప్పాలి.

మా నాయనమ్మది విసునూరు దేశముఖు పేరు చెబితే పిల్లలు ఏడుపు మానే కాలం. మా ఊరికి దగ్గరే కడవెండి. అక్కడే 1946 జులై 4న దొర మనుషుల తుపాకీ గుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి నిప్పు రాజుకున్నది అక్కడే. గడీ, వెట్టి, దండుగలు, ఆ తర్వాత రజాకార్లు. నాయనమ్మ ఇవన్నీ కథలాగా చెప్పేది కాదు, పొయ్యి ఊదుకుంటూ, మధ్యలో ఉప్పందుకుంటూ, నిన్న జరిగినట్టు చెప్పేది. "దొర చెడ్డోడా నాయనమ్మా?" అని అడిగితే, ఆమె తిన్నగా జవాబు చెప్పేది కాదు. "మంచోడా చెడ్డోడా కాదే. దిగుమనెటోడు లేకపాయె. గదీ కథ" అనేది.

అప్పుడు నాకు అర్థం కాలేదు. అస్గర్ ఖాన్ గురించీ, లతీఫ్ గురించీ చదివాక అర్థమైంది.

అస్గర్ ఖాన్ 1921లో జమ్ములో పుట్టాడు. మొదట సైన్యంలో చేరింది ఏ రెజిమెంటులోనో తెలుసా? దక్కన్ హార్స్‌లో! వెనకటి నిజాం రౌతుల దండులోంచి పుట్టిన రెజిమెంటు అది. ఆ తర్వాత వైమానిక దళానికి మారాడు. 1942లో సింధు ప్రాంతంలో హుర్‌లు తెల్లవాళ్ళ మీద తిరగబడ్డారు. వాళ్ళ గుంపు ఒకటి ఎడారిలో పోతూ ఉంటే, పైనుంచి కాల్చి రమ్మని ఈయనకు హుకుం. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు విమానం దించి చూశాడు. కింద పోతున్నవాళ్ళు ఆడవాళ్ళూ, పిల్లలూ. చేతుల్లో ఆయుధాల్లేవు. ఒక్క గుండు కూడా కాల్చకుండా వెనక్కి వచ్చేశాడు. ఎందుకు కాల్చలేదని అడిగితే, ఆయుధం లేనివాళ్ళను కాల్చనన్నాడు. ఆ వయసులో, ఆ ఉద్యోగంలో, తెల్లదొర ముందు నిలబడి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి చెప్పండి!

ఇద్రీస్ లతీఫ్ మన హైదరాబాద్ బిడ్డ. 1923లో పుట్టాడు. తండ్రి నిజాం సంస్థానంలో చీఫ్ ఇంజనీరు. నిజాం కాలేజీలో చదివి 1942లో వైమానిక దళంలో అధికారి అయ్యాడు. ఇంగ్లండు వెళ్ళి హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాల మీద తర్ఫీదు పొంది, తిరిగి వచ్చి బర్మా యుద్ధంలో 9వ స్క్వాడ్రన్‌లో చేరాడు. ఆ స్క్వాడ్రన్‌లో ఆయనకు పైవాడు అస్గర్ ఖానే. వీళ్ళకు ఇంకో స్నేహితుడు నూర్ ఖాన్. ఆయనా విమానాలవాడే.

1947 వచ్చింది. దేశంతో పాటు సైన్యాన్నీ పంచారు. బల్లలూ కుర్చీలూ, బ్యాండు మేళాలూ పంచుకున్నట్టే మనుషులనూ పంచుకున్నారు. ముస్లిం అధికారుల్ని ఎటు పోతారో మీరే చెప్పమన్నారు. అస్గర్, నూర్ ఇద్దరూ అటు వెళ్ళారు. లతీఫ్‌ను కూడా రమ్మని స్నేహితులిద్దరూ ఎంతగానో పిలిచారు. కొత్త దేశం, కొత్త దళం, చకచకా పైకి రావచ్చు. అయినా లతీఫ్ కదల్లేదు, ఇండియాలోనే ఉంటానన్నాడు.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. ఆయన ఇండియా కావాలనుకున్న నాటికి ఆయన పుట్టిన ఊరే ఇండియాలో లేదు! నిజాం ఎటూ చేరనని భీష్మించుకు కూర్చున్నాడు. ఇల్లు ఒక రాజ్యంలో, ఉద్యోగం ఇంకో దేశంలో. 1948 సెప్టెంబరు 13న సైన్యం బయలుదేరి, 17న నిజాం లొంగిపోయాక గానీ హైదరాబాద్ ఇండియాలో కలవలేదు. అంటే కొడుకు ముందు చేరాడు, ఊరు ఏడాది తర్వాత వచ్చి చేరింది.

ఆ సెప్టెంబరులోనే మా నాయనమ్మ మొదటిసారి విమానం మోత విన్నదట. పిల్లల్ని చంకనేసుకుని గాదె చాటున దాక్కున్నదట.

ఆ తర్వాత మన హైదరాబాద్ రాష్ట్రం కూడా కొన్నాళ్ళు సైనికాధికారి చేతి కిందనే ఉంది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నరు. ఆ రోజుల్లో జరిగినవన్నీ మంచివే అని నేననను. ఎన్నో ఊళ్ళలో కన్నీళ్ళు కారాయి, తప్పు చేయనివాళ్ళు కూడా పోయారు. కానీ ఆ మిలిటరీ గవర్నరు 1949 దాటాక కుర్చీలో లేడు. 1950 జనవరి 26న వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యాడు. 1952లో ఓట్లు పడ్డాయి, బూర్గుల రామకృష్ణారావు వచ్చాడు. చౌధురి ఏమయ్యాడు? తిరిగి సైన్యంలోకే పోయాడు. 1962లో దేశానికి సైన్యాధిపతి అయి, 1966లో పదవీ విరమణ చేశాడు. ఒక రాజ్యాన్ని ఏలిన మనిషి, దిగమంటే దిగి, మళ్ళీ మామూలు నౌకరీకి పోవడమంటే చిన్న సంగతా?

అటు పాకిస్తాన్‌లో ఏం జరిగిందో చూడండి. అస్గర్ ఖాన్ 1957 జులైలో వైమానిక దళాధిపతి అయ్యాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఆరేళ్ళు. అంతకు ముందు ఆ కుర్చీలో ఉన్నవాళ్ళంతా ఇంగ్లీషువాళ్ళే. ఆ దేశపు బిడ్డల్లో ఈయనే మొదటివాడు. పదవిలోకి వచ్చి పదిహేను నెలలు తిరక్కుండానే, 1958 అక్టోబరు 7న ప్రెసిడెంటు ఇస్కందర్ మీర్జా మార్షల్ లా పెట్టాడు. మూడు వారాలు కాకముందే ఆ మీర్జానూ దించేసి సైన్యాధిపతి అయూబ్ ఖాన్ తనే గద్దెనెక్కాడు. మరుసటి ఏడాది ఫీల్డ్ మార్షల్ బిరుదు కూడా తగిలించుకున్నాడు.

ఆ రాజ్యంలో అస్గర్ ఖాన్ ఇంకా ఏడేళ్ళు దళాధిపతిగా ఉన్నాడు. పని బాగా చేశాడనే అందరూ అంటారు. అమెరికా ఇచ్చిన సేబర్ జెట్‌లతో ఒక చిన్న దళాన్ని గట్టి దళంగా తీర్చిదిద్దాడు. 1965 ఏప్రిల్‌లో కచ్ దగ్గర రెండు సైన్యాలు కొట్టుకుంటున్నప్పుడు, ఆయన మన వైమానిక దళాధిపతి అర్జన్ సింగ్‌కు ఫోన్ చేశాడట. ఇద్దరూ పాత దోస్తులే. మన విమానాల్ని మాత్రం ఇందులోకి దింపవద్దు అని ఇద్దరూ అనుకున్నారు, దింపలేదు. ఆ ఒక్క ఫోనుతో ఎంతమంది తల్లులకు కడుపుకోత తప్పిందో!

మనిషి మంచివాడే. మరి 1942లో తెల్లవాళ్ళ హుకుం కాదన్న మనిషి, 1958లో ఓట్లు లేకుండా గద్దెనెక్కినవాడి కొలువులో ఏడేళ్ళు ఎలా ఉన్నాడు? నా మనసులో ముల్లులా గుచ్చుకున్న ప్రశ్న ఇదే. నాకు తోచిన జవాబు ఒకటుంది. కళ్ళముందు ఆడవాళ్ళూ పిల్లలూ కనపడుతుంటే కాదనడం ఒకరకంగా సులువు. అంతా సాఫీగా జరిగిపోతున్నట్టుంటే, జీతం నెలనెలా వస్తుంటే, మనకిష్టమైన పని మనల్ని చేసుకోనిస్తుంటే, అప్పుడు కాదనడమే కష్టం. మన ఇళ్ళల్లో మాత్రం? పెద్దాయన గొంతు పెంచితే, పోనీలే ఇల్లు నడుస్తోంది కదా అని ఎన్నిసార్లు ఊరుకోలేదు మనం!

1965 జులైలో అయూబ్ ఇద్దరు స్నేహితుల కుర్చీలు అటూ ఇటూ మార్చాడు. విమాన సర్వీసు కంపెనీని నడుపుతున్న నూర్ ఖాన్‌ను దళాధిపతిని చేసి, అస్గర్‌ను ఆ కంపెనీకి పంపాడు. సరిగ్గా అప్పుడే కశ్మీరులోకి రహస్యంగా మనుషుల్ని పంపే పథకం తయారవుతోంది. ఆ సంగతి దిగిపోతున్న దళాధిపతికి తెలియదు! ఎక్కుతున్న దళాధిపతికీ ఎవరూ చెప్పలేదు! నూర్ ఖాన్ ఆ నోటా ఈ నోటా విని, తనే పోయి సైన్యాధిపతి మూసాను అడిగితే గానీ బయటపడలేదు. ఆగస్టులో చొరబాట్లు, సెప్టెంబరులో యుద్ధం. దేశం పైకప్పు కాయవలసిన మనిషికే ఇంటికి నిప్పు పెట్టబోతున్నారని చెప్పరన్నమాట! నియంత రాజ్యం మర్మం ఇక్కడే ఉంది. పైవాడు ఎవరికీ జవాబు చెప్పనక్కరలేకపోతే, కిందివాడు ఎంత పెద్ద కుర్చీలో ఉన్నా వాడికి ఏమీ చెప్పనక్కరలేదు.

ఆ యుద్ధంలో ఇటువైపు సైన్యాధిపతి ఎవరనుకున్నారు? మన హైదరాబాద్ గద్దె దిగి వెళ్ళిన ఆ చౌధురే. ఆయన పైన ఉన్నది పొట్టిగా, సన్నగా, ధోవతి కట్టుకున్న లాల్ బహదూర్ శాస్త్రి. అటువైపు సైన్యం పైన ఉన్నదీ సైన్యమే.

1969 మార్చి 25న జనం పోరు పడలేక అయూబ్ దిగాడు. దిగుతూ ఎవరి చేతిలో పెట్టాడు? మళ్ళీ సైన్యాధిపతి యాహ్యా ఖాన్ చేతిలోనే. ఈసారి నూర్ ఖాన్ కూడా ఏలేవాళ్ళలో ఒకడయ్యాడు. బడుల గురించీ, కార్మికుల జీతాల గురించీ మంచి పథకాలే రాయించాడు. పశ్చిమ పాకిస్తాన్‌కు గవర్నరయ్యాడు. అయిదు నెలలకే యాహ్యాతో పొసగక బయటికి వచ్చేశాడు. ఓట్లతో ఎక్కని కుర్చీలో మంచి పనులు కూడా ఒకడి ముఖం చూసి నిలవాలి, ఆ ముఖం మాడితే అవీ మాడిపోతాయి. ఆ తర్వాత ఆయన ఆటల సంఘాలకు పెద్దగా ఉండి పేరు తెచ్చుకున్నాడు. 1978లో కరాచీలో ఒకడు విమానం హైజాక్ చేయబోతే తనే లోపలికి పోయి వాడితో కలబడి గుండు దెబ్బ తిన్నాడు. ధైర్యానికి ఏం తక్కువ చెప్పండి?

అస్గర్ ఖాన్ కథ ఇంకా చిత్రం. ఉద్యోగాలు అయిపోయాక, 1968లో ఆయన అయూబ్‌కు ఎదురు నిలిచి వీధిలోకి వచ్చాడు. 1971లో తూర్పు బెంగాల్‌లో ఓట్లు గెలిచినవాళ్ళకే అధికారం ఇవ్వమన్నాడు, తుపాకులు వద్దన్నాడు. ఆ మాటకు సొంత జనం చేతనే తిట్లు తిన్నాడు. కానీ 1977లో భుట్టో మీద కోపంతో సైన్యాధికారులకు ఒక ఉత్తరం రాశాడు. న్యాయం కాని ఆజ్ఞల్ని పాటించవద్దన్నది దాని సారాంశం. సైన్యాన్ని గద్దెనెక్కమని తాను అనలేదన్నాడు. ఏమన్నా ఏం లాభం? ఆ జులై 5న జియా ఉల్ హక్ గద్దెనెక్కాడు. తొంభై రోజుల్లో ఎన్నికలన్నాడు. ఆ తొంభై రోజులు ఎప్పటికీ రాలేదు. 1979 అక్టోబరులో అస్గర్ ఖాన్‌నే అబోటాబాద్‌లో ఆయన ఇంట్లోనే నిర్బంధించారు. ఒకటి కాదు రెండు కాదు, అయిదేళ్ళు! ఒక దేశపు వైమానిక దళాన్ని నడిపిన మనిషికి తన వాకిలి దాటడానికి వీల్లేదు. ఆ ఇంటి ఇల్లాలికి అయిదేళ్ళు పొద్దున తలుపు తీస్తే ఎదురుగా కాపలావాళ్ళు. పండక్కి చుట్టాలు వచ్చినా వాళ్ళ కళ్ళ ముందునుంచే. తలుచుకుంటేనే ఊపిరాడదు.

అదే రోజుల్లో ఇటు లతీఫ్ ఏం చేస్తున్నాడు? 1978 ఆగస్టు 31న మన వైమానిక దళాధిపతి అయ్యాడు. ఆ పదవికి వచ్చిన మొదటి ముస్లిం ఆయన. సరిగ్గా ఆ తర్వాత నెలలోనే అటు జియా ప్రెసిడెంటు కూడా అయి కూర్చున్నాడు. లతీఫ్ హయాంలో జాగ్వార్ విమానాలు వచ్చాయి. ప్రధానులు మారారు, మొరార్జీ పోయి చరణ్ సింగ్, ఆయన పోయి ఇందిరాగాంధీ. దళాధిపతి మాత్రం తన పని తాను చేసుకుపోయాడు. ఏ ప్రధాని వస్తే ఆ ప్రధానికి సెల్యూట్. 1981 ఆగస్టు 31 వచ్చింది. మూడేళ్ళు నిండాయి. టోపీ తీసి బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాడు. ఎక్కిన రోజే దిగే రోజూ తెలుసు.

ఆ తర్వాత ప్రభుత్వం మహారాష్ట్ర గవర్నరుగా పంపింది. ఇక్కడ మన ఆడవాళ్ళ కోసం ఒక మాట. ఆయన భార్య బిల్కీస్ లతీఫ్ హైదరాబాద్ నవాబు అలీ యావర్ జంగ్ కూతురు. ఆ అలీ యావర్ జంగ్ కూడా అంతకుముందు అదే మహారాష్ట్రకు గవర్నరుగా చేసి, 1976లో పదవిలో ఉండగానే పోయాడు. తండ్రి ఉన్న రాజభవనానికే ఆమె ఇల్లాలుగా వచ్చింది. వచ్చి విందులకే పరిమితం కాలేదు. ధారావి మురికివాడకు వెళ్ళి అక్కడి ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసం పనిచేసింది. పుస్తకాలు రాసింది. 2009లో పద్మశ్రీ ఇచ్చారు. ఫ్రాన్సులో రాయబారి పదవి కూడా అయ్యాక, 1988లో దంపతులు హైదరాబాద్ వచ్చేశారు. ఊళ్ళో అందరిలాంటి మనుషులై, ముసలివాళ్ళయి, గౌరవంగా వెళ్ళిపోయారు.

ఇదంతా చెప్పి మనవాళ్ళు దేవుళ్ళు, వాళ్ళు దయ్యాలు అనడం లేదు. మన దగ్గరా 1975లో ఎమర్జెన్సీ వచ్చింది, నోళ్ళు మూతపడ్డాయి. కానీ 1977లో ఓట్లు పడ్డాయి, ఓడినవాళ్ళు దిగారు. ఆ కుర్చీ మీద ఏ దళాధిపతీ కన్ను వేయలేదు. నిజానికి ముగ్గురు స్నేహితుల్లో ఎవరు ఎక్కువ ధైర్యవంతుడంటే నేను చెప్పలేను. ముగ్గురూ నిజాయితీపరులే. లతీఫ్ అటు వెళ్ళి ఉంటే ఆయనకూ ఆ రెండింట్లో ఏదో ఒక గతి పట్టేదేమో, ఆ అస్గర్ ఇటు ఉండి ఉంటే హాయిగా ఏ రాజభవనంలోనో మొక్కలకు నీళ్ళు పోసుకునేవాడేమో. తేడా మనుషుల్లో లేదు, నిచ్చెనలో ఉంది. ఒకచోట నిచ్చెన కింద పట్టుకుని నిలబడ్డవాళ్ళున్నారు, ఇంకోచోట ఎక్కినవాడు నిచ్చెన పైకి లాగేసుకున్నాడు. జియా పదకొండేళ్ళు దిగలేదు. చివరికి 1988 ఆగస్టు 17న ఎక్కిన విమానం కూలి పోయాడు.

అస్గర్ ఖాన్ మాత్రం ఊరుకోలేదు. 1990 ఎన్నికల్లో గూఢచారి శాఖ డబ్బులు పంచిందని 1996లో సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. పదహారేళ్ళు తిరిగి 2012లో, తొంభై ఒకటో ఏట, ఆయన మాటే నిజమని తీర్పు వచ్చింది. కుర్చీలో ఉన్నప్పుడు అడగని మాట, కుర్చీ పోయాక జీవితమంతా అడుగుతూనే ఉన్నాడు. ఆలస్యమే. అయినా అడిగాడు కదా అని నాకు ఆయన మీద గౌరవం.

సాయంత్రం వడియాలు తిరగవేయడానికి మళ్ళీ డాబా ఎక్కబోయాను. మనవడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. మళ్ళీ ఎక్కుతాడేమోనని కసరబోయాను. వాడు ఎక్కలేదు. రెండు చేతులా నిచ్చెన అడుగు పట్టుకుని, "నువ్వు ఎక్కు, నేను పట్టుకుంట. దిగేటప్పుడు చెప్పు మరి!" అన్నాడు.

ఉన్నట్టుండి మా నాయనమ్మ గుర్తొచ్చింది. దేశముఖు కాలంలో ఆమె మాట వినే నాథుడు లేకపోయాడు గానీ, ఉంటే ఆ దొరతో ఆమె అనదలుచుకున్నదీ ఇదే కదా!